నాన్న దాచిన చెక్కు ఇప్పుడు చెల్లుతుందా?

ప్రశ్న: మా నాన్నది ఒడిశా, పట్టాముండై దగ్గర పల్లె. కుర్రాడిగా ఉన్నప్పుడే పైపుల పనికి హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేనూ ప్లంబర్‌నే. మొన్న ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే 1993 నాటి చెక్కు దొరికింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌ది, 3,800 రూపాయలు, కూకట్‌పల్లిలో ఒక బిల్డర్ ఇచ్చాడట. ఎందుకు వేయలేదంటే "పోనీలేరా" అంటారు. ఎస్‌బీఐలో ఇస్తే డబ్బులొస్తాయా? రిజర్వ్ బ్యాంక్ పోర్టల్‌లో వెతకమని ఫ్రెండ్ చెబుతున్నాడు.
- ఒక పాఠకుడు, మూసాపేట

జవాబు: రావండీ. ఆ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది గానీ అసలు అడ్డు అది కాదు. అప్పట్లో చెక్కు గడువు ఆరు నెలలు, 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలే. పోనీ బిల్డర్ మీద బాకీ కింద దావా వేద్దామన్నా మామూలుగా మూడేళ్లలోపే వేయాలి.

మీ ఫ్రెండ్ చెప్పింది ఉద్గమ్ పోర్టల్ గురించి. పదేళ్లు ఎవరూ కదపని డిపాజిట్ల వివరాలు అందులో వెతుక్కోవచ్చు, నిజమే. కానీ ఈ 3,800 మీ నాన్నగారి పేరు మీద ఏ రోజూ జమ కాలేదు కదా, బిల్డర్ ఖాతాలోనే ఉండిపోయింది. అదే డీడీ అయితే కథ వేరు, సొమ్ము ముందే బ్యాంకు చేతికి వెళ్లిపోతుంది కాబట్టి పాతదైనా అడిగి చూడొచ్చు.

ఎందుకు వేయలేదన్నది మాత్రం చెక్కే చెప్పొచ్చు. ఎడమవైపు పైమూల చూడండి, రెండు ఏటవాలు గీతల మధ్య 'అకౌంట్ పేయీ' అని ఉందా? ఉంటే కౌంటర్లో నోట్లు ఇవ్వరు, సొంత ఖాతా ఉండాల్సిందే. ఆ రోజుల్లో ఖాతా తెరవాలంటే అప్పటికే ఖాతా ఉన్నవాళ్లెవరో మిమ్మల్ని ఎరుగుదుమని సంతకం పెట్టాలి, ఊరు కాని ఊళ్లో, భాష కూడా సరిగా రాని కుర్రాడికి ఆ సంతకం ఎవరు పెడతారు చెప్పండి? ఇది నా ఊహే, మీ నాన్నగారినే అడగండి. డబ్బు సంగతి కాకుండా పని సంగతి అడిగితే చెబుతారేమో. దేశంలో ఏ నగరానికి వెళ్లినా ప్లంబర్లలో మీ నాన్నగారి కేంద్రపడా జిల్లావాళ్లు తగులుతారు, పట్టాముండైలో ప్రభుత్వ ప్లంబింగ్ సంస్థే ఉంది. మీరిప్పుడు సొల్యూషన్ పూసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపు క్షణంలో అతికించేస్తారు, ఆయన కాలంలో జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపును రంపంతో కోసి, డై అనే పనిముట్టు పట్టి చేతులతో పైపు చివర మరలు కోసి, జనపనార పీచు చుట్టి సఫేదా అనే తెల్లటి పేస్టు రాసి, రెంచీతో బిగించేవాళ్లు. ఆ పనికి రావాల్సిన కూలి అది, నోట్లు ఇవ్వకుండా చెక్కు చేతిలో పెట్టినవాడిని నేనైతే తిట్టుకుంటాను.

చెక్కు పారేయకండి. లామినేషన్ వద్దు, పిన్ను గుచ్చొద్దు, తుప్పు పడుతుంది. ఫోటో తీసి పెట్టుకోండి.

మీకు ఎవరైనా చెక్కు ఇస్తే మాత్రం తేదీ చూసి వెంటనే బ్యాంకులో వేసేయండి. బౌన్స్ అయితే బ్యాంకు ఆ సంగతి చెప్పిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో అవతలివాళ్లు డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు. నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు జాగ్రత్త.