క్లినిక్‌లో పేషెంట్ రికార్డులకి సొంత సర్వర్ పెట్టుకోవాలా, క్లౌడ్‌కి వెళ్లాలా?

ముగ్గురు డాక్టర్ల క్లినిక్, కొత్తగా సాఫ్ట్‌వేర్ కొంటున్నాం, ఏది మంచిది అని అడిగారు. క్లౌడే, అంటే డేటాని కంపెనీవాళ్ల సర్వర్లలో ఉంచి నెట్ ద్వారా వాడుకోవడమే. ఆలోచించకుండా ఎలా చెప్తున్నానంటే, ఆరేళ్లు సొంత సర్వర్‌కి కాపలా కాసినవాణ్ణి.

మాది స్టోర్ రూమ్‌లో, సెలైన్ పెట్టెల వెనక ఉండేది. నాలుగు డిస్కులు, రెయిడ్ 5, అంటే డేటాని డిస్కులన్నింటికీ పంచి దాచే పద్ధతి. ఒకటి పోయినా నడుస్తుందని అందరికీ ధీమా. ఒక డిస్కు మీద నారింజ లైటు వెలగడం నేనూ చూశాను. వచ్చే వారం మారుద్దాంలే అనుకున్నాను. ఆ వచ్చే వారం రావడానికి నెల పట్టింది. కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్, అంటే మిగతా డిస్కుల్లోంచి పోయినదాన్ని మళ్లీ కట్టడం, మొదలెడితే, మిగిలిన మూడింట్లో ఒకటి సగంలో చేతులెత్తేసింది. రెండు పోతే డేటా అంతా పోయినట్టే. బ్యాకప్ ఉందిగా అని ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెరిచాను. రోజుకో ఫైలు, తేదీలతో సహా బుద్ధిగా ఉన్నాయి. సైజు చూస్తే, నెలల తరబడి అన్నీ సున్నా కేబీ. డ్రైవ్ ఎప్పుడో నిండిపోయింది, ఎవరూ చూడలేదు.

ఇంతలో లోపల్నుంచి డాక్టరుగారు, "ఈవిడకి పెన్సిలిన్ పడదని రాసినట్టు గుర్తు, కాస్త చూడవయ్యా" అన్నారు. ఏం చూడను? ఆవిణ్ణే అడిగితే, "మీ కంప్యూటర్లో రాసుకున్నారు కదండీ" అంది.

క్లౌడ్ కాలిపోదా అంటే, కాలిపోతుంది. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ అంటుకుంది. వేరే చోట కాపీ లేనివాళ్ల డేటా బూడిదైంది. అందుకే రెండో కాపీ ఏ ఊళ్లో ఉంటుందో సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లని అడగండి. మీ కళ్ల ముందు ఒక పాత బ్యాకప్‌ని రీస్టోర్ చేసి చూపించమనండి. నీళ్లు నమిలితే వదిలేయండి. రేపు మానుకుంటే డేటా ఏ రూపంలో ఇస్తారో కూడా ముందే కాగితం మీద రాయించుకోండి. వేల పీడీఎఫ్‌లు చేతిలో పెడితే ఏ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకీ ఎక్కవు.

99.9 శాతం అప్‌టైమ్, అంటే అంత సమయం ఆగకుండా నడుస్తుందని, గొప్పగా చెప్తారు. ఏడాదికి దాదాపు తొమ్మిది గంటలు ఆగినా ఆ మాట తప్పినట్టు కాదు. అవి అర్ధరాత్రి రావు, ఓపీ కిటకిటలాడుతున్నప్పుడే వస్తాయి. రెండు వేర్వేరు కంపెనీల నెట్ తీసుకోండి. రేపటి అపాయింట్‌మెంట్ల లిస్టు, ఎవరికి ఏ మందు పడదో, రోజూ సాయంత్రం ప్రింట్ తీసిపెట్టండి. సీటీ స్కాన్లుంటే మాత్రం ఒక కాపీ లోపలే ఉంచుకోండి. ఒక్కోటి వందల ఎంబీ, తెరుచుకునేసరికి పేషెంట్ ఇంటికెళ్లిపోతాడు.

ఇక సెక్యూరిటీ కోసం సర్వర్ మా కళ్ల ముందే ఉండాలనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల రిసెప్షన్‌లో మానిటర్‌కి పాస్‌వర్డ్ చీటీ అంటించి ఉంటుంది. అందరూ పెద్ద డాక్టరు పేరుతోనే లాగిన్. డోసు ఎవరు మార్చారో దేవుడికే తెలియాలి. మేం క్లౌడ్‌కి మారి రెండేళ్లయింది, మా రిసెప్షన్‌లోనూ అలాంటి చీటీ ఉంటే నేను మూడుసార్లు పీకేశాను. నిన్న చూస్తే కీబోర్డు కిందకి చేరింది.