షెడ్డు తెరిచే ముందు ఇది చదువు

శీనూ,

కంపెనీ ఉద్యోగం మానేసి విశాఖ ఆటోనగర్‌లో లేతు షెడ్డు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంటి గుంటడు నలుగురికి పని ఇచ్చేవాడయ్యాడంటే నాకెంత సంబరమో! "మరి ఆఫీసు ఇన్సూరెన్సు పోయినట్టేనా?" అని అడిగితే మాత్రం మాట మార్చేసింది. అందుకే ఈ ఉత్తరం.

పాలసీ ఎలాగూ తీసుకుంటావు. అయితే ప్రమాదాలకు తప్ప మిగతా వాటికి మొదటి 30 రోజులు అది పనికిరాదు. ఈలోగా ఏదైనా అయితే ఎటు పరుగెత్తాలో ఇప్పుడే తెలిసి ఉండాలి.

108కి చెయ్యి, డబ్బులక్కర్లేదు. షెడ్డు నంబరు కాదు, పక్కనున్న గుర్తు చెప్పు, ఒక కుర్రాణ్ణి రోడ్డు మీద నిలబెట్టు. కేజీహెచ్‌లో గానీ హనుమంతవాక విమ్స్‌లో గానీ, రెండూ సర్కారు ఆసుపత్రులే, డిపాజిట్ అడగరు. ప్రాణం మీదికొస్తే మాత్రం ముందు దగ్గర్లో ఏది ఉంటే అదే. సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం చూడాలని, పోలీసు కాగితాలు తర్వాతేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. గట్టిగా అడుగు, అరవకు. క్యాజువాలిటీలో అరిచేవాడికి పని ఆలస్యమవుతుంది.

ఇక జనం ఏళ్ల తరబడి చేస్తున్న తప్పు ఒకటుంది, నువ్వు చేశావంటే ఊరుకోను. కంగారులో అద్దాల మేడలాంటి ఆసుపత్రికి వెళ్తారు. కౌంటర్లో "క్యాషా, ఇన్సూరెన్సా?" అనగానే "క్యాషే" అనేస్తారు. జేబులో ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్యసేవ) కార్డుండి కూడా, చూపిస్తే సరిగ్గా చూడరేమోనని దాస్తారు. దాచుకున్నది, తాకట్టు పెట్టి తెచ్చింది మూణ్ణాలుగు రోజుల్లో హరించుకుపోయాక ఆరోగ్యశ్రీ గుర్తొస్తుంది. క్యాషు కింద కట్టేసింది అప్పుడు వెనక్కి రాబట్టడం మహా కష్టం. కాబట్టి మొదట అడగాల్సిన మాట: "ఇక్కడ ఎన్టీఆర్ వైద్యసేవ ఉందా? ఈ కేసుకు ఉందా?" రెండో ప్రశ్న మర్చిపోకు, గుండెకు అనుమతి ఉన్నచోట ఎముకలకు ఉండకపోవచ్చు. పథకం డెస్కు దగ్గర మిత్ర అని, రోగులకు సాయం చేసే ఉద్యోగి ఉంటారు. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తెచ్చుకునే వీలుంది, కాగితాలు తర్వాత ఇవ్వొచ్చు.

లేదన్నారా, ప్రాణానికి ముప్పు తప్పేదాకా చూడమని, ఆ తర్వాత మార్చమను. అప్పుడు లామా కాగితం ముందు పెడతారు. డాక్టరు వద్దన్నా మేమే తీసుకుపోతున్నాం అని ఒప్పుకోవడమది. సంతకం పెట్టకు, రిఫరల్ రాయించు. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారో అందులో ఉండాలి. స్కాన్ ఫిల్ములు వదిలేసి వస్తే అవతల మళ్లీ మొదట్నుంచీ తీయాలి. కదిలే ముందు అక్కడి డాక్టరుతో ఇక్కడి డాక్టరు చేత మాట్లాడించు, వెంటిలేటర్ ఖాళీ ఉందో లేదో తెలియకుండా రోగిని అంబులెన్సులో ఊరంతా తిప్పకూడదు. దీనికోసం బతిమాలినా తప్పులేదు.

నా భయమల్లా నీ వేళ్ల మీద. సైకిల్ చైన్లో వేలు పెట్టి ఇల్లు పీకి పందిరేసిన వాడివి, ఇప్పుడు లేతులో ఇనుప ముక్కను పట్టి తిప్పే చక్ దగ్గర నిలబడతానంటున్నావు! గ్లోవ్స్ వేసుకుని లేతు ముట్టుకోకు, చక్ గ్లోవ్‌ను పట్టి లాగిందంటే చెయ్యి కూడా దాని వెంటే పోతుంది. ఎవరి వేలైనా తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి చెయ్యి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. తెగిన ముక్కను తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి, ఆ కవర్ని ఐసు వేసిన నీళ్లలో ఉంచాలి. ఐసు నేరుగా తగిలితే ముక్క పాడవుతుంది, ఇక అతకడం కుదరదు. మనిషికి టీ, నీళ్లు పట్టించొద్దు, మత్తు ఇవ్వడం ఆలస్యమవుతుంది. కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, వేలు తెగిందని ఫోన్లోనే చెప్పు. టీటీ ఎప్పుడు వేయించారో కుర్రాళ్లందరిదీ గోడ మీద రాసి పెట్టు.

రోడ్డు ప్రమాదమైతే వేరే దారి. 2025 మే నుంచి కేంద్రం పథకం ఉంది, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, మనిషికి 1.5 లక్షల దాకా నగదు లేకుండా చూస్తారు. పోలీసులకు కబురు మాత్రం వెళ్లాలి.

సొంత డబ్బే పెట్టాల్సి వస్తే ప్రతి బిల్లూ అసలుదే దాచు, డిశ్చార్జి సమ్మరీతో సహా. సీఎం సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవాలంటే జిరాక్సులు చాలవు.

ముందు చేయాల్సింది, ఈ సోమవారమే సచివాలయానికి వెళ్లి కార్డులో నీ పేరు, అమ్మ పేరు ఉన్నాయో లేదో చూపించుకో. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమైతే అర్హులే. కార్డు, ఆధార్ ఫొటోలు నీ ఫోన్లోనే కాదు, షెడ్డులో ఇంకొకరి ఫోన్లోనూ ఉండాలి, దెబ్బ నీకే తగిలితే నీ ఫోన్ తెరిచేదెవరు? ఫొటో నాకూ పంపు. పంపేదాకా రోజూ ఫోన్ చేసి విసిగిస్తాను.

మీ పెద్దమ్మ