మొక్కు తీరకముందే పంచిన రొట్టె

నెల్లూరు, మూలాపేట

చిరంజీవి అమ్మడికి మేనత్త దీవించి రాసేది.

నీకు మెదడులో రక్తనాళాల ముడి ఉందని, కోత లేకుండా గామా కిరణాలతో చేసే గామా నైఫ్ చికిత్స చేయించుకోవాలని నీ అంతట నువ్వే నిర్ణయించుకున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఫిట్స్ వచ్చి పదిరోజులైనా కాలేదు, ఒంగోలు నుంచి చెన్నైకి ఒక్కదానివే రైలెక్కుతావా? దారిలో మళ్లీ వస్తే పట్టుకునేది ఎవరు? రాత్రంతా కోపంగానే ఉన్నాను. తెల్లవారేసరికి మాత్రం, ముగ్గురు డాక్టర్లను కలిసి అన్నీ అడిగి తెలుసుకున్న పిల్ల మా ఇంటి పిల్లే కదా అని కళ్లు చెమర్చాయి.

మాత్రలు వేళ తప్పకుండా వేసుకో. స్కూటర్ తాళాలు నాన్నకు ఇచ్చెయ్యి. పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు ఆ మాత్రల వల్ల బిడ్డకు ఇబ్బంది ఉంటుందా అని ఇప్పుడే అడుగు. సంబంధాల వాళ్లకు తెలుస్తుందని దాచమంటే మీ అమ్మ మాట వినకు, ఆమెతో నేను మాట్లాడతాను.

మీ మామయ్యకూ ఇదే జబ్బని నీకు తెలుసు. ఆయన కుడిచెయ్యి ఎలా పడిపోయిందో మాత్రం ఎవరికీ సరిగా చెప్పలేదు. ధమనిలో ఉరికే రక్తం సన్నటి కేశనాళికల్లో నెమ్మదించి సిరలోకి చేరాలి. ఈ జబ్బులో ముడి ఉన్న చోట ఆ కేశనాళికలే ఉండవు. తూము లేకుండా పెద్దకాలువను పంటబోదెలోకి తిప్పితే గట్టు ఏమవుతుందో నీకు తెలుసు.

అప్పుడు మా డాక్టరు మూడు దారులు చెప్పారు. కపాలం తెరిచి ముడి తీసెయ్యడం, తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం పంపి జిగురుతో మూయడం, గామా కిరణాలు. 'తెరిచి' అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. ఆ తర్వాత కోత లేదు, మర్నాడే ఇంటికి వెళ్లొచ్చు అన్నదొక్కటే విన్నాను. మీ మామయ్యను అడగకుండానే గామా నైఫ్‌కు సరేనన్నాను.

ఇంటికొచ్చాక, చికిత్సలో తల కదలకుండా పెట్టిన ఫ్రేము మరలు బిగించిన చోట, నుదుటి మీద రెండు, వెనుక రెండు గాయాలకు మందు అద్దుతూ "ఇక గండం గడిచిందండీ" అన్నాను. గడవలేదమ్మా. కిరణాలు సోకిన నాళాలు మందమై మూసుకుపోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అంతవరకు పగిలే ప్రమాదం అలాగే ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో ఆ ముక్క రాసే ఉంది, నేను చదవలేదు.

చికిత్సకు ముందు రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగి ఆయన కోసం ఆరోగ్య రొట్టె అందుకున్నాం. మరుసటి ఏడు మొక్కు తీరిందని మేమే రొట్టెలు కాల్చుకెళ్లి పంచాం. తలనొప్పులు తగ్గాయి, ఆయన నవ్వుతున్నారు, అంతకంటే ఏం కావాలనుకున్నాను. మత్తుగా ఉంటోందంటే ఫిట్స్ మాత్రలు నేనే మాన్పించాను. ధాన్యం వచ్చే రోజులని ఏడాది స్కాను వాయిదా వేయించాను. పద్నాలుగో నెలలో ఒక సాయంత్రం, ఎన్నడూ ఎరగనంత తలనొప్పి అన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లకుండా బామ్ రాసి పడుకోబెట్టాను.

ఆయన పద్దుపుస్తకం నా బీరువాలో ఉంది. 'మొలకొలుకులు 12 బస్తాలు' అని గుండ్రటి కుడిచేతి రాత. తెల్లవారి ఆ మాట రాస్తూండగానే పెన్ను జారింది. చివరి అక్షరం నుంచి గీత కాగితం అంచుదాకా పోయింది. నాలుగు నెలల తర్వాతి పేజీలో ఒరిగిపోయిన అక్షరాలు, ఎడమచేతివి. స్కానుకు వెళ్లినంత మాత్రాన పగలకుండా ఉండేదని డాక్టరు అనలేదు. కానీ ఆ రాత్రంతా నేను పోగొట్టినదే.

అందుకే అడుగుతున్నాను, కోతకు భయపడి గామా నైఫ్ అంటున్నావా? పరిమాణం, ఉన్న చోటు, రక్తం లోతు సిరల్లోకి పారుతుందా అన్నవి చూసి ఆపరేషన్ ఎంత ప్రమాదమో గ్రేడు కట్టే లెక్కను 1986లో స్పెట్జ్లర్, మార్టిన్ అనే డాక్టర్లు చెప్పారు. నీది మూడు సెంటీమీటర్ల లోపేనని, మాటకు, చేతికి సంబంధించిన చోట్లకు దూరంగా ఉందని మీ అమ్మ అంది. అలాంటిదానికి ఆపరేషనే మేలంటారేమో, ముడి మొత్తం తీసేస్తే రెండు మూడేళ్ల ఎదురుచూపు ఉండదు. నా భయాన్ని నువ్వు మొయ్యకు.

పగలనిదాన్ని కదపవద్దనే వాళ్లూ ఉన్నారు. అరూబా అధ్యయనం 2014లో లాన్సెట్ పత్రికలో ఆ మాటే చెప్పింది. కానీ అప్పటికి అందులో రోగులను గమనించింది సగటున మూడేళ్ల లోపే. ఏటా నూటికి ఇద్దరి నుంచి నలుగురికి పగులుతుందంటారు. నీకు ఇరవై ఆరేళ్లు, ముందు ఎంత జీవితం ఉంది తల్లీ! వేలూరు సీఎంసీలోనో, బెంగళూరు నిమ్హాన్స్‌లోనో ఇంకొకరికి స్కాన్లు చూపించి, ఆ తర్వాత నీకు ఏది సరి అనిపిస్తే అదే చెయ్యి. గామా నైఫే అయితే, మూసుకుపోయే వరకు ఏ రాత్రి తలనొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లు. దారిలో నుంచి నాకు ఫోను చెయ్యి.

సోమవారం పొద్దున్నే ఒంగోలు వస్తున్నాను, నేను లేకుండా ఇంకెక్కడికీ రైలెక్కకు. ఈసారి పండుగకు నీ పేరున ఆరోగ్య రొట్టె అందుకుంటాను. రక్తనాళాలను చూపే ఆంజియోగ్రామ్‌ పరీక్షలో ఆ ముడి లేదని డాక్టరు నోటి వెంట విన్నాకే చెరువుకు తిరిగి రొట్టెలు తీసుకెళతాను.

నీ మేనత్త