పాత ఫైళ్లు, ఫీల్డ్ నోట్‌బుక్కులు: పర్యావరణ దస్త్రాల గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

అడవులు, నదులు, పక్షుల కోసం పనిచేసిన సంఘాల దగ్గర పోగుపడిన కాగితాలు, ఫొటోలు, టేపులు ఎలా కాపాడాలని అడుగుతూ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా సంఘం ముప్పై ఏళ్ల కాగితాలు పదిహేను పెట్టెల్లో ఉన్నాయి. నదులు, అడవులు, కోర్టు కేసులు అని విడదీసి కొత్త ఫైళ్లలో సర్దడం మొదలుపెట్టాం. ఇది సరైన పద్ధతేనా?

దయచేసి అక్కడితో ఆపండి. బూజు పట్టిన కాగితాన్ని శుభ్రం చేసుకోవచ్చు గానీ, చెదిరిపోయిన వరసను మళ్లీ తెచ్చుకోలేం.

ఒక ఫైలులో ఆనకట్ట ప్రతిపాదన మీద సంఘం రాసిన లేఖ ఉందనుకోండి. దాని వెనక ఇంజనీరు ఇచ్చిన జవాబు, ఆ వెనక మడతపెట్టిన పటం, పటం మీద ఎర్ర పెన్సిలు గీత, చివర బహిరంగ విచారణ నోటీసు. ఇవన్నీ వరసగా ఉంటే ఆ గీత ముంపు హద్దు అనీ, జవాబు అందాక సంఘం వాళ్లే గీశారనీ చదివేవారికి తెలుస్తుంది. పటాన్ని తీసి ‘పటాలు’ అనే పెట్టెలో వేశారంటే ఆ గీత ఎవరిదో, ఎందుకో చెప్పే ఆధారం పోయినట్టే. అందుకే ఒకరి కాగితాలను మరొకరి కాగితాలతో కలపకూడదనీ, వాళ్లు పెట్టుకున్న వరస మార్చకూడదనీ ఆర్కైవుల్లో, అంటే పాత దస్త్రాలను భద్రపరిచే సంస్థల్లో, రెండు నియమాలు పాటిస్తారు. మొదటి నియమాన్ని ఫ్రాన్సు ప్రభుత్వం 1841లోనే ఆదేశంగా జారీ చేసింది.

ముందు పెట్టెలను ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీసి, వాటికి నంబర్లు వేయండి. ఫైలు మీద ఎవరో రాసిన పేరు తప్పుగా ఉన్నా అలాగే ఎత్తి రాసుకోండి. మీ వివరణను పక్కన వేరే గడిలో రాయండి. జాబితాలో పెట్టె నంబరు, ఫైలు పేరు, మొదటి తేదీ, చివరి తేదీ, లోపల ఏమున్నాయో రెండు ముక్కలు, ఏ స్థితిలో ఉన్నాయో ఉంటే చాలు. ప్రతి కాగితానికీ ఒక వరస రాయబోతే రెండో పెట్టె దగ్గరే ఓపిక అయిపోతుంది, మిగతా పదమూడు పెట్టెల్లో ఏముందో ఎవరికీ తెలియకుండా పోతుంది. పెద్ద పటాన్ని విప్పి పరిచి పెట్టాల్సి వస్తే, దాని చోట ఒక చీటీ ఉంచండి: ఏది తీశాం, ఎప్పుడు తీశాం, ఎక్కడ పెట్టాం. పటం వెనక కూడా పెన్సిలుతో ఫైలు నంబరు వేయండి.

ఇప్పటికే కలిపేసిన పెట్టెలుంటే వాటిని ‘సర్దినవి’ అని జాబితాలో రాయండి. ఆ సమాచారం కూడా పరిశోధకులకు కావాలి.

ప్రశ్న: అన్నీ దాచాలా? చోటు లేదు.

అక్కర్లేదు. ఒకే కరపత్రం యాభై కాపీలుంటే రెండు ఉంచండి. బ్యాంకు చలానాలు, కరెంటు బిల్లులు, ఎక్కడైనా దొరికే అచ్చు పుస్తకాలు తీసేయొచ్చు. చట్టప్రకారం లెక్కలు ఎన్నేళ్లు ఉంచాలో మాత్రం ముందే చూసుకోండి. సమావేశాల మినిట్స్, ఉత్తరాలు, సర్వే షీట్లు, ఫీల్డ్ నోట్‌బుక్కులు, చేతి గీతలున్న పటాలు, కోర్టులో వేసిన అఫిడవిట్లు తీయకండి. ఓడిపోయిన ఉద్యమాల ఫైళ్లను ‘ఇంకెందుకు’ అని పారేస్తుంటారు. ఇప్పుడు లేని చెరువు, నరికేసిన తోపు ఒకప్పుడు ఎలా ఉండేవో వివరంగా దొరికేది చాలాసార్లు ఆ ఫైళ్లలోనే.

ప్రశ్న: తుప్పుపట్టిన క్లిప్పులు, పసుపెక్కిన పేపరు కటింగులు, వెలిసిపోతున్న ఫ్యాక్సులు ఉన్నాయి. వీటిని ఏం చేయాలి?

మొదట ఫ్యాక్సుల సంగతి చూడండి. వేడికి నల్లబడే నున్నటి ఫ్యాక్సు కాగితం మీద అక్షరాలు చీకట్లో ఉన్నా వెలిసిపోతాయి. ఈ వారమే స్కాన్ చేసి, మామూలు కాగితం మీద కాపీ తీసి అదే చోట పెట్టండి.

వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఎక్కువ. దానిలోంచి పుట్టే ఆమ్లం పక్క కాగితానికీ పాకి గోధుమరంగు మచ్చ వేస్తుంది. ఆమ్లం లేని కాగితం మీద కాపీ తీసి ఉంచండి. అసలు కటింగు అంచున ఎవరైనా ఏదైనా రాసి ఉంటే దాన్ని కూడా విడి కవరులో దాచండి.

క్లిప్పును పట్టి లాగితే తుప్పుతో పాటు కాగితమూ ఊడొస్తుంది. కాగితానికీ లోహానికీ మధ్య పలచని ప్లాస్టిక్ ముక్క దూర్చి, క్లిప్పును మెల్లగా తెరవండి. రబ్బరు బ్యాండు కరిగి అంటుకుపోయి ఉంటే, ఎండి పెళుసైన ముక్కలనే తీయండి. సెల్లో టేపును మాత్రం మీరు పీకొద్దు, కొత్తది అంటించొద్దు. లామినేషన్ అసలే వద్దు, దాన్ని వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం.

గదిలో తేమ 65 శాతం దాటి నిలిచిందంటే బూజు మొదలవుతుంది. పెట్టెలను బయటి గోడకు ఆనించకుండా, నేలకు కనీసం పది సెంటీమీటర్ల ఎత్తున పెట్టండి. నీళ్లలో తడిస్తే 48 గంటల్లోపు ఆరబెట్టాలి. అన్నీ ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి, తర్వాత కొంచెం కొంచెంగా తీసి ఆరబెట్టుకోవచ్చు.

ప్రశ్న: నెగటివ్‌ల డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన ఘాటుగా వస్తోంది. ఫొటోలు పాడైనట్టేనా?

ఇంకా కాకపోవచ్చు, కానీ గడువు దగ్గరపడింది. అవి అసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ములు. తేమ, వేడి తగిలి ఫిల్ము ఆధారపు పొర విరిగి అసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మును ఇంకా వేగంగా విరగ్గొడుతుంది. ఒక దశ దాటాక ఫిల్ము కుంచించుకుపోతుంది. పైన బొమ్మ ఉన్న పొర మాత్రం అంతగా కుంచించుకోదు కాబట్టి ముడతలు పడి లేచిపోతుంది.

ఆ డబ్బాను వెంటనే మిగతా ఫిల్ముల నుంచి దూరంగా పెట్టండి. స్థితి తెలుసుకోవడానికి ఏ-డీ స్ట్రిప్పులనే రంగు కాగితాలు దొరుకుతాయి. ఫిల్ముతో పాటు మూసిన డబ్బాలో గది ఉష్ణోగ్రత దగ్గర 24 గంటలు ఉంచాలి. నీలంగానే ఉంటే బాగున్నట్టు, ఆకుపచ్చకు తిరిగితే ప్రమాదం మొదలైనట్టు, పసుపైతే ముడతలు రాబోతున్నట్టు. పసుపు చూపినవాటిని ముందు స్కాన్ చేయండి. 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు అంగుళానికి 4,000 పిక్సెళ్లు, నాణ్యత తగ్గకుండా బొమ్మను దాచే టిఫ్ ఫార్మాట్ సరిపోతాయి. తర్వాత రెండు జిప్ సంచుల్లో వేసి ఫ్రీజర్‌లో పెడితే క్షీణత దాదాపు ఆగుతుంది. బయటికి తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా, అంటే సుమారు ఒక రోజు, సంచి తెరవకండి. ముందే తెరిస్తే ఫిల్ము మీదే నీటిబొట్లు కడతాయి.

పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వాడకండి, పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లు వాడండి. 1950ల ముందరి ఫిల్ము అంచున ‘నైట్రేట్’ అని కనిపిస్తే దాన్ని ఇంట్లో ఉంచుకోవద్దు. దానికి తేలిగ్గా నిప్పంటుకుంటుంది, అంటుకుంటే నీళ్లతో కూడా ఆరదు. ఆర్కైవుకు ఫోన్ చేసి అడగండి.

ప్రశ్న: పెద్దవాళ్లతో చేసిన ఇంటర్వ్యూల క్యాసెట్లు నలభై ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలి?

ప్రతి క్యాసెట్ పై అంచున ఉన్న రెండు చిన్న పలకలు విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. మంచి క్యాసెట్ డెక్ (ప్లేయరు) సంపాదించి, టేపును చదివే హెడ్లు శుభ్రం చేసి, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ నాణ్యతతో వేవ్ ఫైలుగా (ధ్వనిని కుదించకుండా దాచే ఫార్మాట్) మార్చండి. స్టీరియోలో గంటకు సుమారు 2 గిగాబైట్లు అవుతుంది. హోరు తగ్గించే ఫిల్టర్లు మూల ప్రతి మీద వాడొద్దు. వెనక వినిపించే కప్పలు, పిట్టల గొంతులు పర్యావరణ చరిత్రకు సాక్ష్యాలే, ఫిల్టరు ముందు వాటినే చెరిపేస్తుంది.

స్పూలు టేపు (విడి చక్రాలకు చుట్టిన టేపు) కీచుమని అరిచినా, హెడ్డు మీద గోధుమరంగు జిగురు కనిపించినా వెంటనే ఆపండి. టేపు మీది బంధక పదార్థం తేమ పీల్చుకుని జిగటైందన్నమాట. దాన్ని తక్కువ వేడిలో ఆరబెట్టి వినిపించే పద్ధతి ఉంది గానీ, అది ప్రయోగశాలలో చేయాల్సిన పని. అసిటేట్ టేపుకు ఆ పద్ధతి పనికిరాదు.

మాట్లాడినవారి అనుమతి పత్రం ఉందో లేదో ఇప్పుడే చూడండి. వాళ్లు బతికుంటే అడిగి తీసుకోండి.

ప్రశ్న: పక్షుల లెక్కల నోట్‌బుక్కులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఇక వాటిని తీసేయొచ్చా?

వద్దు. మీ స్ప్రెడ్‌షీట్‌లోకి రానివి నోట్‌బుక్కులో చాలా ఉన్నాయి. ‘3?’ అని అనుమానంగా రాసింది షీట్‌లో 3 అయిపోతుంది. చూడకపోవడం వేరు, చూసినా కనపడకపోవడం వేరు. ఖాళీ గడి ఆ తేడా చెప్పదు. ఏప్రిల్ 3 అనే అర్థంతో 3/4 అని రాసిన తేదీని సాఫ్ట్‌వేర్ తనంతట తానే మార్చి నెల 4వ తేదీగా తీసుకోవచ్చు.

కాలిఫోర్నియాలో బెర్క్‌లీ జంతుశాస్త్ర మ్యూజియం 1908లో మొదలైంది. మొదటి డైరెక్టరు జోసెఫ్ గ్రిన్నెల్ తన బృందానికి ఫీల్డ్ నోట్స్ రాసే కచ్చితమైన పద్ధతి పెట్టాడు: చెరగని సిరా, ఒకే కొలత కాగితాలు, తేదీ, స్థలం, పెట్టిన బోనుల లెక్క. తమ సేకరణ అసలు విలువ ఎన్నో ఏళ్లకు, బహుశా శతాబ్దానికి తెలుస్తుందని 1910లోనే రాశాడు. అదే మ్యూజియం వాళ్లు 2003 నుంచి గ్రిన్నెల్ బృందం సర్వే చేసిన చోట్లకే మళ్లీ వెళ్లి చూశారు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ పార్కులో పరిశీలించిన 28 చిన్న క్షీరద జాతుల్లో సగం జాతుల ఎత్తు హద్దులు సగటున 500 మీటర్లు పైకి జరిగాయని 2008లో ప్రచురించారు. ఎన్ని బోనులు ఎన్ని రాత్రులు పెట్టారో పాత నోట్స్‌లో ఉండబట్టే, దొరకని జాతి నిజంగా అక్కడ లేదా, వెతకడమే చాలలేదా అన్నది లెక్కగట్టగలిగారు. శ్రమ లెక్క లేకుండా ‘ఏడు పిట్టలు’ అని మాత్రమే ఉంటే ఆ పోలిక కుదిరేది కాదు.

ఒక కుటుంబం రాసుకున్న పట్టీలకూ ఇంత విలువ ఉంటుంది. ఇంగ్లండులోని నార్‌ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ 1736లో మొదటి పువ్వులు, మొదటి ఆకులు, కప్పల తొలి అరుపు నమోదు చేయడం మొదలుపెట్టాడు. అతని వంశం వాళ్లు దాన్ని 1958 దాకా కొనసాగించారు.

మీ షీట్‌లో ఇంకో మూడు నిలువు వరసలు చేర్చండి: నోట్‌బుక్కు నంబరు, పేజీ, ఉన్నది ఉన్నట్టు రాసిన మాట. పాత పక్షి పేరును కొత్త పేరుతో చెరిపేయకుండా పక్క వరసలో రాయండి. కొలతల మార్పు కూడా అంతే. ఏ దారిన నడిచారు, ఎంతసేపు చూశారు, ఎంతమంది చూశారు అనేవి గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఇప్పుడే అడిగి, విడి కాగితం మీద సంతకంతో రాయించండి. నోట్‌బుక్కులో వెలిసిన పెన్సిలు అక్షరాల మీద ఎవరూ మళ్లీ దిద్దకూడదు.

ప్రశ్న: అరుదైన జీవుల గూళ్లున్న చోట్లు ఈ నోట్స్‌లో ఉన్నాయి. అందరికీ చూపించాలా?

అలా చూపించకండి. చైనాలో గోనియూరోసారస్ లూయీ అనే బల్లిని 1999లో శాస్త్రీయంగా వర్ణించి ప్రచురించాక, పెంపుడు జంతువుల వ్యాపారులు ఎగబడి దొరికిన చోట దాన్ని లేకుండా చేశారు. బయటికిచ్చే ప్రతిలో కచ్చితమైన స్థలం ఇవ్వకుండా, అది పటం మీద ఏ పది కిలోమీటర్ల గడిలో ఉందో మాత్రమే చూపండి. అసలు పేజీని నల్లసిరాతో కొట్టేయకుండా కవరులో మూసి, ఎప్పుడు తెరవచ్చో, ఎవరు అనుమతించాలో కవరు మీద రాయండి. వేట గురించి చెప్పినవారి పేర్లకూ ఇదే వర్తిస్తుంది. గడువు లేకుండా ‘రహస్యం’ అని రాస్తే యాభై ఏళ్ల తర్వాత కూడా తెరిచే అధికారం ఎవరికుందో తేలదు.

ప్రశ్న: ఇవన్నీ విశ్వవిద్యాలయ ఆర్కైవుకు ఇస్తే హక్కులు ఎవరికి వెళ్తాయి?

కాగితం యాజమాన్యం, కాపీరైటు వేర్వేరు. మీకొచ్చిన ఉత్తరం మీది, అందులోని రాత మీద హక్కు రాసినవారిది. సభ్యులు తీసిన ఫొటోలూ సాధారణంగా అంతే. కాబట్టి దానపత్రంలో ఏమిస్తున్నారో జాబితా, మీ చేతిలో ఉన్న కాపీరైటు ఇస్తున్నారా లేదా, మూసి ఉంచాల్సినవి ఏవి, వాళ్లకు అక్కర్లేనివి తిరిగి పంపాలా పారేయాలా అన్నవి విడివిడిగా రాయించండి. డిజిటల్ ఫైళ్లు అప్పగించేముందు ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలు కొంచెం మారినా మారిపోయే గుర్తు సంఖ్య) తీసి ఆ జాబితానూ జతచేయండి. ఫైళ్లు చేరాక ఆర్కైవు వాళ్లు మళ్లీ లెక్కగట్టి సరిచూడాలి. సరిపోయాయని రాతపూర్వకంగా వచ్చేదాకా మీ దగ్గరున్న ప్రతిని చెరపొద్దు.