మంచి బ్యాక్టీరియా ఊరికే చోటు పట్టుకుని కూర్చోదు

"పేగుల్లో ఉండే హానిచేయని బ్యాక్టీరియా జబ్బు చేసే బ్యాక్టీరియాతో నిజంగా పోరాడుతుందా, లేక చోటంతా ముందే నిండిపోవడం వల్ల కొత్తవాటికి స్థలం దొరకదా?" అని అడిగారు.

చోటు, తిండి కూడా కారణాలే. కానీ పోరాటాన్ని తక్కువ చేసి చూస్తే నేను ఒప్పుకోను. అది చంపుకునేంత పోరాటం. కళ్లారా చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసేటప్పుడు మాకొక ప్రాక్టికల్ ఉండేది. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ఎవరికీ జబ్బు చేయని ఒక రకాన్ని అగార్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచడానికి జెల్లీలాంటి పదార్థం పోసిన పళ్లెం) మధ్యలో చుక్కగా పెట్టి రాత్రంతా పెరగనివ్వాలి. మర్నాడు ప్లేటును క్లోరోఫాం మీద బోర్లించి, ఆ ఆవిరితో చుక్కలోని బ్యాక్టీరియాను చంపేయాలి. తర్వాత, 45 డిగ్రీల దగ్గర ఉంచిన పల్చటి అగార్‌లో మరో రకం ఈ.కోలైని కలిపి దానిపై పోయాలి. చేయి కాస్త ఆలస్యమైతే అగార్ గొట్టంలోనే గడ్డకడుతుంది.

ఆ మరుసటి రోజు ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. పొగమంచు కమ్మినట్టు ప్లేటంతా మసకగా ఉంది. చుక్క చుట్టూ మాత్రం గుండ్రంగా, తేటగా, అంచు గీసిపెట్టినంత స్పష్టంగా ఖాళీ. చుక్కలోని బ్యాక్టీరియా అంతకుముందే చచ్చిపోయింది. చచ్చినవి తిండి తినవు, చోటు కోసం తోసుకోవు. బతికున్నప్పుడు అవి వదిలిన విషం అగార్‌లోకి ఇంకి, తర్వాత వచ్చినవాటిని చంపింది.

ఆ విషమే కోలిసిన్. బెల్జియంకు చెందిన ఆంద్రే గ్రాషియా 1925లోనే దీన్ని గుర్తించారు. దాన్ని బయటికి వదిలే కణం చాలాసార్లు తానే పగిలి చనిపోతుంది. పక్కనున్న సొంతవాళ్లలో దానికి విరుగుడు ప్రోటీన్ ఉంటుంది కాబట్టి వాటికేమీ కాదు. ఆ ఖాళీ వలయంలో అక్కడక్కడ సూదిమొనంత తెల్లటి చుక్కలు కూడా కనిపించాయి. అవి విషాన్ని తట్టుకున్న కణాల సంతానం. కోలిసిన్‌లలో ఒక వర్గం, కణంలోకి విటమిన్ బి12 వెళ్లే ద్వారాన్నే పట్టుకుని లోపలికి దూరుతుంది. ఆ ద్వారం పాడైన కణం బతికిపోతుంది, కానీ బి12ను అందుకోలేక నష్టపోతుంది. ఇంత లెక్క ఉన్న యుద్ధాన్ని పట్టుకుని "స్థలం దొరకదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇది ఈ.కోలై ఒక్కదాని సంగతి కాదు. పేగుల్లో విరివిగా ఉండే బ్యాక్టీరాయిడీస్‌లో కొన్ని పక్క కణంలోకి సూదిలాంటి గొట్టాన్ని పొడిచి విషం దించుతాయి. కొందరి ముక్కులో ఉండే స్టఫైలోకాకస్ లగ్డునెన్సిస్, లగ్డునిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారుచేసి, చర్మంపై పుండ్ల వంటి ఇన్ఫెక్షన్లు తెచ్చే స్టఫైలోకాకస్ ఆరియస్‌ను అణచిపెడుతుందని 2016లో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు చూపించారు.

ప్రోబయాటిక్ ప్రకటనల్లో ఈ బ్యాక్టీరియాకు నవ్వు ముఖాలు గీసి మన స్నేహితులంటారు. నాకు అది నచ్చదు. అవి తమ ఇంటి కోసం పోరాడుతున్నాయి, ఆ ఇల్లు మన ఒళ్లు కావడం మన అదృష్టం.

అంతకంటే కోపం తెప్పించేది, జలుబు చేయగానే యాంటీబయాటిక్ మింగడం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మాత్ర దాన్ని తాకను కూడా తాకదు. పేగుల్లోని కాపలాను మాత్రం చంపుతుంది. 1950లలో చికాగోలో మార్జరీ బోన్‌హాఫ్, ఫిలిప్ మిల్లర్ ఎలుకల మీద దీన్ని పరీక్షించారు. మామూలు ఎలుకల్లో సగానికి సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా సోకాలంటే దాదాపు లక్ష కణాలు నోటిద్వారా ఇవ్వాల్సి వచ్చింది. ముందుగా స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే పదిలోపు కణాలే చాలాయి.

మనుషుల్లోనూ యాంటీబయాటిక్ తర్వాత క్లాస్ట్రిడియాయిడీస్ డిఫిసీల్ అనే బ్యాక్టీరియా పేగుల్లో చెలరేగి, విరేచనాలు తిరగబెడుతూ మంచాన పడ్డవారు ఎందరో ఉన్నారు. అలాంటి రోగులకు ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను పేగుల్లోకి ఎక్కించిన నెదర్లాండ్స్ ప్రయోగం ఫలితాలు 2013లో వచ్చాయి. ఒక్క విడతతోనే 16 మందిలో 13 మందికి నయమైంది. వాన్కోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే వాడిన 13 మందిలో కోలుకున్నది నలుగురే. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో ప్రయోగాన్ని అనుకున్న గడువుకంటే ముందే ఆపేశారు.