కుష్ఠు నయమైనా వేళ్లు వంకరగానే ఉన్నాయి: ఇరుగుపొరుగు దూరం పెట్టకుండా ఏం చేయాలి?

మీ అన్నయ్యగారికి కుష్ఠు నయమైంది కానీ వేళ్లు వంకర తిరిగాయని, ఇంటికి తీసుకొస్తే చుట్టుపక్కలవాళ్లు ఏమంటారోనని అడిగారు. మా చిన్నాన్న విషయంలో మేం పడ్డ పాట్లు చెబుతాను.

ఆయన తిరిగొచ్చేసరికి ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. చూసిన ప్రతివాళ్లదీ ఒకటే అనుమానం: నయమైతే వేళ్లు ఇలా ఎందుకున్నాయని. పోలియో వచ్చి తగ్గినవాళ్లు కుంటుతూ నడిస్తే మనకు అంటుకుంటుందని ఎవరైనా భయపడతారా? ఇదీ అంతే. మందు క్రిమిని చంపుతుంది, కానీ ఆ క్రిమి వల్ల అప్పటికే చచ్చిన నరాన్ని బతికించలేదు, అందుకే వేళ్లు అలాగే ఉండిపోయాయి. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. 6 నుంచి 12 నెలల మందుల కోర్సు, మొదలుపెట్టాక ఇతరులకు సోకదు అన్న వివరాలకన్నా ఈ పోలికే ఎక్కువమందికి ఎక్కింది. హాన్సెన్ అనే వైద్యుడు 1873లోనే ఈ క్రిమిని గుర్తించినా, పాపఫలం అన్న పెద్దమనిషి మాకూ తగిలాడు. ఆయనతో వాదించలేదు, దండగ.

అసలు తప్పు మా ఇంట్లోనే జరిగింది. పిన్ని చిన్నాన్న గ్లాసును విడిగా కిటికీ గట్టు మీద బోర్లించేది. వచ్చిన చుట్టాలు ముందు ఆ గ్లాసును చూసేవారు, తర్వాత కుర్చీ కాస్త వెనక్కి జరుపుకునేవారు. నేనేమీ తక్కువ తినలేదు. మొదటి రెండు వారాలు ఆయన మంచం మీద కూర్చోలేదు. ఒకరోజు ఆయనే ఆ గ్లాసు తీసుకెళ్లి మిగతావాటిలో కలిపేశారు. ఎవరూ నోరెత్తలేదు.

ఆయన దస్తూరి బాగుంటుంది. కుడిచేయి బాగానే ఉంది కదా, దరఖాస్తులు రాసిపెట్టడం మొదలుపెట్టారు. పరామర్శకు వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడేవారు. దరఖాస్తుకు వచ్చినవాళ్లు మాత్రం పక్కనే కూర్చుని, తప్పు రాస్తే అదే కాగితం మీద వేలుపెట్టి చూపించేవారు. మీ అన్నయ్యగారికి కూడా నలుగురికీ అక్కరకొచ్చే పని ఏదైనా చూడండి.

ఇంకొకటి, పుండ్లు. కట్టు కనిపిస్తే చాలు, జబ్బు తిరగబెట్టిందంటారు. చిన్నాన్నకు అరికాళ్లలో స్పర్శ లేదు. ఒకసారి చెప్పులో మేకు పైకి లేస్తే పూటంతా అలాగే తిరిగారు. గచ్చు మీద రక్తపు అడుగులు చూసి మేం చెబితేగానీ ఆయనకు తెలియలేదు. అప్పటినుంచి రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకుంటారు. మీ అన్నయ్యగారి చెప్పుల లోపల మాత్రం మీరే తడిమి చూడండి. ఆయన చేతికి తెలియకపోవచ్చు.