అంకెల మీద నడిచే సంగీతం

ప్రశ్న: కొన్నేళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను. బరోక్ సంగీతానికీ జాజ్‌కీ దగ్గరి చుట్టరికం ఉందని ఈ మధ్య చదివాను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమంటే కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించడం, జాజ్ అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడం కదా! ఈ రెంటికీ పొత్తు ఎలా కుదురుతుంది?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఉన్నది ఉన్నట్టు వాయించాలన్న పట్టుదల ముఖ్యంగా 19వ శతాబ్దంలో బలపడింది. యూరప్‌లో సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన బరోక్ కాలంలో స్వరకర్త కొంత రాసి, తక్కినది వాయించేవారి విద్వత్తుకు విడిచిపెట్టేవాడు. మీరడిగిన చుట్టరికమంతా ఆ విడిచిపెట్టడంలోనే ఉందని నా అభిప్రాయం.

ఆ కాలపు రచనల్లో చాలావాటికి అడుగున మంద్రస్వరాల వరుస ఒకటి ఉంటుంది. దానిని బాసో కంటిన్యువో అంటారు. చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం ఆ వరుసను వాయిస్తూ ఉంటే, పియానో లాంటి మెట్ల వాద్యమైన హార్ప్‌సికార్డ్ ముందు కూర్చున్నవారు ఎడమచేత్తో దానినే అందుకుని, కుడిచేత్తో కార్డ్‌లను, అంటే కలిసి పలికే స్వరాల గుంపులను, అక్కడికక్కడే కూర్చుకునేవారు. వారికి ఆధారం ఆ స్వరాల దగ్గర వేసిన అంకెలు మాత్రమే. పాశ్చాత్యులు స్వరాలను ఎ నుంచి జి వరకు అక్షరాలతో పిలుస్తారు; ఇ అనే స్వరం కింద 6 అని ఉంటే దాని మీద జి, సి స్వరాలు పలకాలని అర్థం. వాటిని ఏ స్థాయిలో పలికించాలో, ఒక్కసారిగా నొక్కాలో, ఒకదాని వెంట ఒకటిగా దొర్లించాలో ఆ అంకె చెప్పదు. జాజ్ పియానో వాద్యకారుడి ముందుండే కాగితం కూడా ఇటువంటిదే: ఒక వరుస, దానిపైన డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి అంటూ కార్డ్‌ల పేర్లు, అంతే.

మన గోదావరి జిల్లాల్లో పద్యనాటకాలు చూసినవారికి ఈ విద్య బొత్తిగా కొత్త కాదు. నటుడు పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో ముందుగా తెలియకపోయినా, హార్మోనియం వాయించేవారు ఆయన గొంతును కనిపెట్టుకుని వెంట నడుస్తారు. అయితే ఒక ముఖ్యమైన తేడా గుర్తుంచుకోవాలి. మీరు కల్పనస్వరాలు వేసేటప్పుడు రాగమూ తాళమూ స్థిరంగా ఉంటాయి. బరోక్‌లోనూ జాజ్‌లోనూ వాటి స్థానంలో స్థిరంగా ఉండేది కార్డ్‌ల నడక.

ఆ నడక మీదే ఎన్ని కొత్త వరుసలైనా కట్టవచ్చు. 1741లో అచ్చయిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌లో బరోక్ స్వరకర్త బాఖ్ 30 వేరియేషన్లకు (రూపాంతరాలకు) ఆధారంగా తీసుకున్నది మొదట వినిపించే ‘ఆరియా’ అనే పాటలాంటి భాగపు పైవరుసను కాదు, దాని కింది మంద్రస్వరాలనూ కార్డ్‌ల క్రమాన్నీ. 1945లో జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ చెరొకీ అనే పాట వరుసను వదిలేసి, దాని కార్డ్‌ల మీద కో-కో వాయించాడు. ఇద్దరి పని తీరూ ఒకటే.

ఇక అలంకారాల సంగతి. 1700లో అచ్చయిన, ఇటలీ స్వరకర్త కొరెల్లి వయొలిన్ సొనాటాలనే రచనలలో నెమ్మదిగా సాగే భాగాలు కాగితం మీద వెలవెలబోతూ కనిపిస్తాయి, ఎందుకంటే గమకాలనూ పలుకులనూ చేర్చుకోవలసింది వాయించేవారే. బాఖ్ 1721లో సమర్పించిన బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టోలనే వాద్యబృంద రచనలలో మూడవదాని నడిమి భాగానికి రాసినవి రెండు కార్డ్‌లే. అక్కడ వాద్యకారుడు ఏదో ఒకటి కల్పించి వాయించేవాడని చాలామంది భావిస్తారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇంత పోలిక ఉన్నా జాజ్‌ను బరోక్ సంతానం అనకూడదు. అది న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతి అమెరికన్లు బ్లూస్, రాగ్‌టైమ్, బ్రాస్ బ్యాండ్, చర్చి పాటల నుంచి తమ ప్రతిభతో పెంచుకున్న సంగీతం. యూరప్ కార్డ్‌లు వారికి కీర్తనల ద్వారా, బ్యాండు మేళాల ద్వారా అందాయి. ఆ లయ, ఆ పలుకు మాత్రం వారి సొంతం. ఈ ఘనతను బాఖ్ ఖాతాలో వేయడం అన్యాయం.

వయొలిన్ నేర్చుకుంటున్నారు కనుక ఒక రికార్డు చెబుతాను. 1937లో పారిస్‌లో ఎడ్డీ సౌత్, స్తెఫాన్ గ్రాపెలీ అనే ఇద్దరు వయొలిన్ విద్వాంసులు, జాంగో రైన్‌హార్ట్ గిటార్‌తో కలిసి, బాఖ్ డి మైనర్ జంట వయొలిన్ల కన్చెర్టోలోని మొదటి భాగాన్ని జాజ్ పద్ధతిలో వాయించారు. ముందుగా మూలరచనను ఏదైనా మంచి బృందం వాయించగా వినండి. తర్వాత ఈ రికార్డు పెట్టుకుని, వయొలిన్లను కాసేపు పక్కన పెట్టి, గిటార్ ఒక్కదానినే చెవితో పట్టుకోండి. హార్ప్‌సికార్డ్ చేసే పనిని ఆ గిటార్ ఎలా అందుకున్నదో మీకే తెలుస్తుంది.